సముద్రపు పోటుతో కరెంటు

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక ఒక బస్తీ ఉంది. సాయంత్రం ఏడు గంటలయింది. గాలివాన మొదలయింది. ఠక్కున కరెంటు పోయింది.

ఇస్త్రీ అక్క చేతిలో పెట్టె చల్లబడింది. బల్ల మీద ఇంకా పదహారు చొక్కాలున్నాయి. పొద్దున ఎనిమిది గంటలకల్లా అశోక్‌నగర్‌లో ఇచ్చి రావాలి.

"బొగ్గుల పెట్టె ఉన్నప్పుడే నయముండె. కరెంటు పెట్టె కొన్న. నెలనెలా బిల్లు కడుతున్న. పని నడుమల పోతే ఏం జెయ్యాలె?" అంది అక్క.

వాన తగ్గేదాకా ఎవరికీ పని లేదు. ఇంటి ముందు రేకుల పందిరి కింద నలుగురు ఆడవాళ్లు చేరారు. పూలమ్మే పెద్దమ్మ వచ్చింది. ఆమె రోజూ నారాయణగూడ చౌరస్తాలో కూర్చుని పూలమ్ముతుంది. కాకినాడ వదిన వచ్చింది. ఆమె పుట్టిల్లు కాకినాడ దగ్గర ఏటిమొగ. పెళ్లయి ఈ బస్తీకి వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల కూడా వచ్చింది. ఆమె ఇస్త్రీ అక్క కూతురు.

పెద్దమ్మ దగ్గర పూల పొట్లాలు కట్టే పాత పేపర్లు ఉన్నాయి. ఆమె చదువు నేర్చుకుని రెండేళ్లయింది. అప్పటినుంచి ఏ కాగితం కనిపించినా చదవకుండా వదలదు. ఫోను వెలుగులో ఒక ముక్క పట్టుకుని కూడబలుక్కుని చదివింది.

"స-ముద్-రపు పో-టుతో వి-ద్యు-త్తు."

"విద్యుత్తు అంటే కరెంటే గదా?" అంది ఇస్త్రీ అక్క. "సముద్రంల నుంచి కరెంటు ఎట్లొస్తది? నీళ్లు తగిలితే షాకు కొడ్తదంటరు గదా!"

అందరూ నవ్వారు. కాని ఆమె అడిగింది మంచి ప్రశ్నే. మనమూ అదే చూద్దాం.

పోటు అంటే ఏమిటి?

"పోటు సంగతి నన్నడగండి," అంది కాకినాడ వదిన. "మా అన్నయ్యలు పడవ తీసేది పోటూ పాటూ చూసుకునేనండి."

సముద్రం ఒకే మట్టంలో ఉండదు. కొన్ని గంటల సేపు నీరు మెల్లగా పైకి పొంగుతుంది. ఒడ్డు మీదికి వస్తుంది. ఏటిలోకి ఎదురెక్కుతుంది. దాన్ని పోటు అంటారు. తరవాత నీరు మెల్లగా వెనక్కి తీస్తుంది. దాన్ని పాటు అంటారు, ఆటు అని కూడా అంటారు. రెండూ కలిపితే ఆటుపోట్లు. "జీవితంలో ఆటుపోట్లు" అని మనం అంటుంటాం కదా, ఆ మాట సముద్రం నుంచి వచ్చిందే.

కెరటం వేరు, పోటు వేరు. ఇది జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. కెరటాన్ని లేపేది గాలి. అది వస్తుంది, విరుగుతుంది. ఇంకొకటి వస్తుంది. పోటును లేపేది చంద్రుడు. పోటు వచ్చిందంటే మొత్తం సముద్రపు మట్టమే పెరుగుతుంది.

"చంద్రుడా? గంత దూరమున్నోడు నీళ్లనెట్ల లేపుతడు?" అంది పెద్దమ్మ.

ప్రతి వస్తువూ ఇంకో వస్తువును తనవైపు లాగుతుంది. భూమి మనల్ని లాగుతుంది కనుకనే ఎగరేసిన బంతి కింద పడుతుంది. చంద్రుడు కూడా భూమిని లాగుతాడు. నేల గట్టిది. అది పెద్దగా కదలదు. నీళ్లు కదులుతాయి. చంద్రుడికి ఎదురుగా ఉన్న సముద్రం ఉబ్బుతుంది. అవతలి వైపు సముద్రం చంద్రుడికి దూరంగా ఉంటుంది. అక్కడి నీళ్లను చంద్రుడు తక్కువ బలంతో లాగుతాడు. అందుకని అవి వెనకబడి, అక్కడ కూడా ఒక ఉబ్బు వస్తుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ రోజులో రెండు ఉబ్బుల కిందినుంచీ వెళ్తుంది. అందుకే మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు.

సూర్యుడు కూడా లాగుతాడు. కాని అతను చాలా దూరంలో ఉన్నాడు. అతని బలం చంద్రుడి బలంలో సగం కంటే కొంచెం తక్కువ. అమావాస్యకు, పున్నమికి సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తారు. ఇద్దరి బలమూ కలుస్తుంది. ఆ రోజుల్లో పోటు పెద్దది.

"అష్టమి, నవమి నాడు పోటు చప్పగా ఉంటుందండి," అంది వదిన. "మా నాన్న కేలెండరు చూడకుండానే చెప్పేవారు."

నిజమే. అష్టమి ప్రాంతంలో సూర్యుడు ఒక పక్కకు, చంద్రుడు ఇంకో పక్కకు లాగుతారు. కనుక పోటు చిన్నది. పుస్తకం చదవని బెస్తవారికి ఈ లెక్క తరతరాలుగా తెలుసు.

మరి మన హుస్సేన్‌సాగర్‌లో పోటు ఎందుకు రాదు? చెరువు చాలా చిన్నది. చంద్రుడు చెరువు ఈ కొసనూ ఆ కొసనూ దాదాపు ఒకే బలంతో లాగుతాడు. ఒక చోట నీరు పెరగాలంటే ఇంకో చోట నుంచి నీరు రావాలి. సముద్రంలో వేల కిలోమీటర్ల దూరం నుంచి నీరు కదిలి రాగలదు. చెరువులో ఎక్కడినుంచి వస్తుంది?

కరెంటు ఎట్లా పుడుతుంది?

ఇంటర్ పిల్ల లేచి గోడకు ఆనించిన పాత సైకిల్ తెచ్చింది. దాని చక్రానికి డైనమో ఉంది. ఈ కాలపు సైకిళ్లకు అది ఉండడం లేదు. పిల్ల వెనక చక్రం ఎత్తి పట్టుకుంది. వదిన తొక్కుడు చేత్తో తిప్పింది. ముందున్న చిన్న బల్బు వెలిగింది. తిప్పడం ఆపగానే ఆరిపోయింది.

"అమ్మా, కరెంటు కేంద్రంల జరిగేది గిదే," అంది పిల్ల. "ఏదో ఒకటి చక్రాన్ని తిప్పాలె. లోపల అయస్కాంతం తిరుగుతది. చుట్టూ రాగి తీగ ఉంటది. తీగల కరెంటు పుడ్తది."

ఇక తేడా అంతా తిప్పేది ఎవరన్న దాంట్లోనే ఉంది. రామగుండంలో, కొత్తగూడెంలో బొగ్గు కాల్చి నీటిని ఆవిరి చేస్తారు. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. నాగార్జునసాగర్‌లో కృష్ణ నీరు పైనుంచి పడి చక్రాన్ని తిప్పుతుంది. గాలిమరను గాలి తిప్పుతుంది. సోలారు పలకల్లో మాత్రం చక్రమే ఉండదు. ఎండ నుంచి నేరుగా కరెంటు వస్తుంది.

ఒకప్పుడు మన ఊరి కరెంటు మన పక్కనే పుట్టేది. ఈ మాట ఇప్పటి పిల్లలు నమ్మరు. నిజాం కాలంలో, 1920ల్లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక కరెంటు కేంద్రం కట్టారు. అది బొగ్గుతో నడిచేది. యంత్రాలను చల్లబరచడానికి చెరువు నీళ్లు వాడేవారు. దాని బలం సుమారు 22 మెగావాట్లు. 1980ల్లో దాన్ని ఆపేశారు. 1995లో కూల్చేశారు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు ఉండేది అది. పెద్దమ్మకు ఆ పొగ గొట్టాలు గుర్తున్నాయి.

మెగావాటు అంటే ఎంత? ఇస్త్రీ అక్క పెట్టెను తీసుకోండి. దాని మీద వెయ్యి వాట్లు అని రాసి ఉంది. ఆ పెట్టె గంటసేపు కాలితే ఒక యూనిట్. అటువంటి వెయ్యి పెట్టెలు ఒకేసారి కాలడానికి కావలసిన బలం ఒక మెగావాటు. 22 మెగావాట్లంటే 22 వేల ఇస్త్రీ పెట్టెలు. ఒకప్పుడు నగరానికి అది గొప్ప. ఇప్పటి హైదరాబాద్‌కు ఒక మూలకు కూడా చాలదు.

పోటును పట్టేది ఎట్లా?

పోటు వచ్చే ఏటి మొగకు అడ్డంగా ఆనకట్ట కడతారు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు. వదిన పుట్టింటి ఊరి పేరులో ఉన్నది ఆ మాటే. ఆనకట్టకు తలుపులు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు తలుపులు తెరుస్తారు. నీరు లోపలికి వస్తుంది. పోటు నిండగానే తలుపులు మూస్తారు. బయట సముద్రం వెనక్కి తీస్తుంది. లోపలి నీరు మాత్రం ఎత్తులోనే ఉంటుంది. తగినంత తేడా రాగానే ఆ నీటిని చక్రాల మీదుగా వదులుతారు. చక్రాలు తిరుగుతాయి. కరెంటు పుడుతుంది.

కొన్ని కేంద్రాల్లో నీరు లోపలికి వచ్చేటప్పుడు కూడా చక్రాలు తిరుగుతాయి. రెండు వైపులా పనిచేసే యంత్రాలు మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్ పెద్ద కేంద్రంలో ఎనిమిది యంత్రాలున్నాయి. వాటిలో ఏడు అటూ ఇటూ తిరగగలవు. నీరు కిందికి పడితే కరెంటు ఇస్తాయి. కరెంటు ఇస్తే కింది నీటిని మళ్లీ పైకి తోడతాయి.

ఈ పద్ధతిలో మొట్టమొదటి పెద్ద కేంద్రం ఫ్రాన్సు దేశంలో వచ్చింది. అక్కడ రాన్స్ అనే నది సముద్రంలో కలుస్తుంది. ఆ మొగ దగ్గర పోటుకు, పాటుకు మధ్య తేడా ఒక్కోసారి 13 మీటర్లు దాటుతుంది. అంటే నాలుగంతస్తుల మేడంత ఎత్తు. అక్కడ 750 మీటర్ల పొడవు కట్ట కట్టారు. నారాయణగూడ చౌరస్తా నుంచి నడిస్తే ఓ పది నిమిషాల దూరం. కట్ట లోపల 24 యంత్రాలు పెట్టారు. ఒక్కొక్కటి 10 మెగావాట్లు. కట్ట మీద రోడ్డు వేశారు. 1966లో ప్రారంభించారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

24 పదులు 240 మెగావాట్లు. అంటే 2 లక్షల 40 వేల ఇస్త్రీ పెట్టెలు.

"అబ్బో!" అంది అక్క. "మరి బొగ్గు అవసరం లేకపాయె. వానకు ఎదురుచూసుడు లేకపాయె. చంద్రునికి బిల్లు కట్టేది లేదు. మనకెందుకు పెట్టరు?"

ఆగండి. ఇక్కడ ఒక లెక్క ఉంది. 240 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడుగునా రాత్రింబవళ్లు నిండుగా నడిస్తే సుమారు 210 కోట్ల యూనిట్లు రావాలి. రాన్స్ కేంద్రం ఏడాదికి ఇచ్చేది సుమారు 50 కోట్లు. నాలుగో వంతు కూడా కాదు. ఎందుకంటే లోపలా బయటా నీటి మట్టం సమానంగా ఉన్న గంటల్లో చక్రం తిరగదు. అష్టమికి తక్కువ తిరుగుతుంది. మనకు కరెంటు కావలసిన వేళకు చంద్రుడు రాడు. చంద్రుడు వచ్చిన వేళకు మనం వాడుకోవాలి.

కాని ఒక మేలు కూడా ఉంది. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. గాలి ఎప్పుడు వీస్తుందో చెప్పలేం. పోటు ఎప్పుడు వస్తుందో వచ్చే ఏడాదికి కూడా ఇప్పుడే చెప్పవచ్చు. మన దేశంలో సర్వే ఆఫ్ ఇండియా వారు ఏటా ఓడరేవులకు పోటు పట్టికలు అచ్చు వేస్తారు. రైళ్ల టైంటేబులు లాంటిదన్న మాట. పైగా ఈ రైలు ఆలస్యం కాదు.

మన తీరంలో ఎందుకు లేదు?

కాకినాడ, విశాఖపట్నం తీరంలో పోటుకు పాటుకు తేడా ఎంత? అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటర్లు. మనిషి మెడ దాకా అనుకోండి. గుజరాత్‌లో కంభాత్ సింధుశాఖ ఉంది. భావనగర్ పట్టణం దాని ఒడ్డునే. అక్కడ తేడా 11 మీటర్ల దాకా వస్తుంది. దేశంలో అన్నిటికంటే పెద్ద పోటు అక్కడిదే.

సముద్రం ఒకటే కదా, ఇంత తేడా ఎందుకు? అశోక్‌నగర్ వాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. హుస్సేన్‌సాగర్ నిండితే ఆ మిగులు నీరు నాలాలో పడి దోమల్‌గూడ, అశోక్‌నగర్ మీదుగా మూసీకి పోతుంది. 2000 ఆగస్టులో కుండపోత వానలు పడ్డాయి. వెడల్పు చెరువు నుంచి వచ్చిన నీరు ఇరుకు నాలాలో పట్టలేదు. పైకి లేచింది. ఇళ్లలోకి వచ్చింది. ఆ రోజు మంచాల మీద పిల్లల్ని నిలబెట్టిన తల్లులు ఇంకా ఈ బస్తీల్లో ఉన్నారు. కంభాత్ సింధుశాఖ కూడా అట్లాంటిదే. నోరు వెడల్పు. లోపలికి పోయే కొద్దీ ఇరుకు. గరాటు మాదిరి. వెడల్పులో వచ్చిన నీరు ఇరుకులో పైకి లేస్తుంది.

ఎత్తు తేడా రెండు రెట్లయితే కరెంటు రెండు రెట్లే కాదు, నాలుగు రెట్లు. ఎట్లా? కట్ట లోపల నిలిచే నీరు రెండింతలు. అది పడే ఎత్తు రెండింతలు. రెండు రెళ్లు నాలుగు. మన తీరంలో ఒకటిన్నర మీటర్లు, అక్కడ పదిన్నర మీటర్లు అనుకుందాం. ఏడు రెట్లు తేడా. ఏడేళ్లు నలభై తొమ్మిది. అంటే అంతే వెడల్పు జాగాలో అక్కడ ఒక ఏటికి వచ్చే కరెంటు రావాలంటే మన తీరంలో 49 ఏళ్లు కట్టాలి. ఏళ్లంటే నదులు సుమా, సంవత్సరాలు కాదు!

మరి గుజరాత్‌లో కట్టారా? లేదు. కచ్ సింధుశాఖలో 900 మెగావాట్ల కేంద్రం కట్టవచ్చని 1980ల్లోనే లెక్కలు వేశారు. 2011లో అక్కడే 50 మెగావాట్ల కేంద్రం అని మళ్లీ ప్రకటించారు. ఏదీ రాలేదు. బెంగాల్‌లో సుందరవనాల దగ్గర దుర్గాదువాని అనే పాయ మీద 3.75 మెగావాట్ల చిన్న కేంద్రం అనుకున్నారు. దాని ఖర్చు లెక్క 238 కోట్ల రూపాయలకు చేరింది. మెగావాటుకు 63 కోట్ల పైమాటే. సోలారు కేంద్రమైతే మెగావాటుకు సుమారు నాలుగైదు కోట్లలో అయిపోతుంది. అందుకని ఆ పని మానేశారు. మన దేశంలో పోటుతో నడిచే కరెంటు కేంద్రం ఇప్పటివరకు ఒక్కటీ లేదు.

కెరటాలతో మాత్రం ఒకటి నడిచింది. కేరళలో తిరువనంతపురం దగ్గర విళింజంలో, 1991లో. మద్రాసు ఐఐటీ వారు కట్టారు. బలం 150 కిలోవాట్లు. అది ప్రయోగం కోసం కట్టింది. ఇప్పుడు నడవడం లేదు.

వదిన అడిగిన ప్రశ్న

కాకినాడ వదిన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అడిగింది.

"మొగకు అడ్డం కట్టేస్తే పడవలు ఎటు పోతాయండి?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమే చెప్పింది.

"మా ఊరోళ్లు తెల్లారగట్ల పాటుతో పాటు సముద్రంలోకి పోతారు. పోటుతో పాటు వెనక్కొస్తారు. నీటికి ఎదురు తొయ్యక్కర్లేదు. డీజిలు మిగులుద్ది. పక్కనే కోరింగ మడ అడవి. పోటు నీళ్లు రోజుకు రెండుసార్లు ఆ చెట్ల మొదళ్లలోకి వచ్చి పోవాలి. రొయ్య పిల్లలు, చేప పిల్లలు పెరిగేది అక్కడేనండి. నీళ్లు ఆపేస్తే మడ బతకదు. మడ లేకపోతే మా వోళ్లకి వల ఎందుకు?"

ఈ భయం ఉత్తది కాదు. ఫ్రాన్సులో రాన్స్ కట్ట కట్టేటప్పుడు సుమారు మూడేళ్లు ఏటి నోరు మూసేశారు. పోటు లోపలికి రాలేదు. లోపలి చేపలు, నత్తలు, నీటి మొక్కలు చాలావరకు నశించాయి. కేంద్రం నడవడం మొదలయ్యాక మెల్లగా మళ్లీ జీవాలు వచ్చాయి. అందుకు పదేళ్లు పట్టింది. పదేళ్లంటే తక్కువా? చేపల మీద బతికే ఇంట్లో పదేళ్లంటే ఒక పిల్ల పుట్టి నాలుగో క్లాసు దాటుతుంది. కరెంటు వెలిగేది ఒక చోట, వల ఖాళీగా వచ్చేది ఇంకో చోట. కట్టేముందు ఆ రెండో చోటి వాళ్లను అడగాలి. చాలాసార్లు అడగరు.

అయితే దీనికి తలకిందుల కథ కూడా ఒకటి ఉంది. అది దక్షిణ కొరియాది. మన హుస్సేన్‌సాగర్ వాసన తెలిసిన వాళ్లు అది తప్పక వినాలి.

కొరియాలో సిహ్వా అనే చోట సముద్రపు పాయకు అడ్డంగా 12.7 కిలోమీటర్ల కట్ట కట్టారు. 1994లో అది పూర్తయింది. కరెంటు కోసం కాదు. లోపల మంచినీటి సరస్సు చేసి పొలాలకు పారించాలని. పక్కన ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటి మురుగు సరస్సులోకి వచ్చింది. బయటికి పోయే దారి లేదు. నీరు కుళ్లింది. చేపలు చచ్చి తేలాయి. కొద్ది ఏళ్లలోనే ఆ నీరు పొలానికి కూడా పనికిరాదని తేలింది.

"మన చెరువు సంగతే," అంది పెద్దమ్మ. "మా అత్త చిన్నగున్నప్పుడు అండ్ల నీళ్లు మంచిగుండెనంట."

హుస్సేన్‌సాగర్‌ను 1560ల్లో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించారు. నాలుగు వందల ఏళ్లు నిలిచిన చెరువును ఫ్యాక్టరీల నీరు, ఇళ్ల మురుగు చెడగొట్టాయి. దానికి సముద్రం లేదు, కడిగి పోవడానికి.

సిహ్వాకు సముద్రం పక్కనే ఉంది. తలుపులు తెరిచి పోటు నీటిని లోపలికి రానిచ్చారు. నీరు కొంత బాగుపడింది. ఎట్లాగూ కట్ట ఉంది. ఎట్లాగూ నీరు రావాలి పోవాలి. అయితే ఆ నీటితోనే చక్రాలు తిప్పుదాం అనుకున్నారు. పది యంత్రాలు పెట్టారు. 2011లో కరెంటు మొదలయింది. బలం 254 మెగావాట్లు. రాన్స్ కంటే కొంచెం ఎక్కువ. పోటుతో నడిచే కేంద్రాల్లో ప్రపంచంలో ఇప్పుడు అదే పెద్దది. మంచి ఏటిని కట్టేసి కాదు, పాడు చేసిన నీటిని విడిపించి కరెంటు తీశారు. మొదట పాడు చేయకుండా ఉంటే ఇంకా బాగుండేది, అది వేరే మాట.

కట్ట లేకుండా కూడా ఒక దారి ఉంది. సముద్రంలో కొన్ని ఇరుకు సందుల్లో పోటు నీరు నదిలా పరుగెత్తుతుంది. అక్కడ నీటి అడుగున గాలిమర లాంటి చక్రాలు పాతుతారు. నీరు అటు పోయినా ఇటు పోయినా అవి తిరుగుతాయి. చేపలకు, పడవలకు దారి మూసుకోదు. ఇంగ్లండుకు ఉత్తరాన స్కాట్లండులో 2016 నుంచి అటువంటి నాలుగు చక్రాలు పెట్టారు. నాలుగూ కలిసి 6 మెగావాట్లు. ఉప్పు నీళ్లలో ఇనుము తుప్పు పడుతుంది. చింతపండు పులుసులో ఇనప గరిటె మరిచిపోతే ఏమవుతుందో మనకు తెలుసు. సముద్రం అంతకంటే మొండిది. అందుకని బాగుచేసే ఖర్చు ఎక్కువ. అయినా వదిన అడిగిన ప్రశ్నకు ఇప్పటికి దొరికిన మంచి జవాబు ఇదే అనిపిస్తుంది.

రేపటి పోటు ఎన్ని గంటలకు?

వాన తగ్గింది. కరెంటు ఇంకా రాలేదు.

"వదినా, మీ అన్నకు ఫోన్ చెయ్యరాదు. ఇప్పుడు పోటా పాటా అడుగు," అంది ఇస్త్రీ అక్క.

వదిన ఫోన్ చేసింది. అన్నయ్య వల బాగుచేసుకుంటున్నాడు. "ఈ తెల్లారగట్ల నాలుగూ నలభైకి నిండు పోటమ్మా. ఎందుకూ?" అన్నాడు.

ఇంటర్ పిల్ల పలక తెచ్చింది. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా పొడుస్తాడు. పోటు కూడా అంతే. ఒక పోటు నుంచి తరవాతి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. పిల్ల చెప్పింది. ఇస్త్రీ అక్క లెక్క వేసింది. 4:40కి 12 గంటలు కలిపితే సాయంత్రం 4:40. ఇంకా 25 నిమిషాలు. సాయంత్రం 5:05. దానికి మళ్లీ 12 గంటల 25 నిమిషాలు. రేపు తెల్లవారుజాము 5:30.

"రేపు పొద్దున ఐదున్నరకు, అవునా అన్నా?" అని అక్క ఫోన్‌లోకి గట్టిగా అడిగింది.

అవతల కాసేపు మాట లేదు. "హైదరాబాదులో కూర్చుని ఎట్లా చెప్పారమ్మా? మేం పడవ దింపేది దాని తరవాతే," అన్నాడు అన్నయ్య.

వదిన ముఖం విప్పారింది. అంతలో బల్బు వెలిగింది. అక్క పలక పక్కన పెట్టి, ఇస్త్రీ పెట్టె మీట నొక్కింది.

చదివి చెప్పండి, లెక్క చేయండి

కెరటానికి, పోటుకు తేడా ఏమిటి? మీ పక్కవారికి మీ మాటల్లో చెప్పండి.

ఈ ఉదయం 7 గంటలకు పోటు వస్తే, తరవాతి రెండు పోట్లు ఎన్ని గంటలకు వస్తాయి?

మీ కరెంటు బిల్లు తీసి చూడండి. పోయిన నెల ఎన్ని యూనిట్లు కాలాయి? అన్ని యూనిట్లకు వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఎన్ని గంటలు కాలుతుంది?

మీ ఊరి ఏటి మొగకు కట్ట కడతామని ఎవరైనా వస్తే, వాళ్లను మీరు అడిగే మూడు ప్రశ్నలు పలక మీద రాయండి.